పాత చర్చిలోని ‘పైపు ఆర్గన్’ ఎప్పటిదో ఎట్లా తెలుస్తుంది?

నల్లగొండ దగ్గర మీ చర్చిలో ఉన్న పాత వాద్యాన్ని పెద్దలు పైపు ఆర్గన్ అంటున్నారనీ, దాని చరిత్ర రాయాలనుందనీ అడిగారు. మొదట వెనక వైపు చెక్క మరలు విప్పి లోపల చూడండి. పైన నిలబెట్టిన గొట్టాలను చూసి నమ్మొద్దు, చాలా వాటికి అవి అలంకారమే. స్టాపు, అంటే నాదం మార్చడానికి లాగే పిడి, దాని మీద ‘డయపేసన్ 8’ అని ఉన్నా అంతే. ఎనిమిది అడుగుల గొట్టం పలికే స్థాయిలో మోగుతుందని ఆ అంకెకు అర్థం, లోపల గొట్టం ఉందని కాదు. గాలికి కంపించి మోగే సన్నటి ఇత్తడి నాలుకలు, అంటే రీడ్లు, వరసగా కనిపిస్తే అది కాళ్లతో తొక్కే రీడ్ ఆర్గన్.

తొక్కుతూ ఒక కీ నొక్కి, రీడు నోటి దగ్గర పల్చటి కాగితం ముక్క పట్టండి. లోపలికి లాగితే పీల్చే రకం, అమెరికాలో తయారైనవి ఎక్కువగా ఇవే. బయటికి నెడితే పారిస్‌లో డెబెయిన్ 1842లో పేటెంటు తీసుకున్న హార్మోనియం దారి. మన భజనల పెట్టె కూడా ఆ నెట్టే రకమే.

తయారైన ఏడు వేరు, ఊరికి వచ్చిన ఏడు వేరు. మొదటిది వాద్యంలోనే దొరుకుతుంది. వెనక చెక్క మీద సీరియల్ నంబరు, మొదటి కీ, చివరి కీ పక్కల మీద పెన్సిల్ రాతలు వెతకండి. దుమ్ము తుడవకముందే ఫొటో తీయండి, తడిగుడ్డ తగిలితే ఆ రాత పోతుంది. రెండోది సంఘం మినిట్స్ పుస్తకంలో, కానుకల రిజిస్టరులో ఉంటుంది. నల్లగొండలో బాప్టిస్టు మిషన్ పని 1890 ప్రాంతంలో మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్‌తో మొదలైంది. కాబట్టి పెట్టె మీద 1880 అని కనిపించినా, ఆ ఏడే మిషన్‌కు వచ్చిందని రాసేయకండి.

మోగని స్వరం ఉంటే చాలాసార్లు రీడులో దుమ్మే కారణం. రీడు చివరనున్న గాడిలో కొక్కెం వేసి మెల్లగా లాగి, మెత్తటి కుంచెతో దులిపి, తీసిన గూట్లోనే పెట్టండి. గీకొద్దు. కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది, పోయిన ఇత్తడి మళ్లీ రాదు. కీ వదిలినా మోగుతుంటే వానాకాలం చెమ్మకు చెక్క ఉబ్బిందేమో చూడండి, చాకుతో చెక్కకుండా ఎండలు వచ్చేదాకా ఆగండి. చిరిగిన తిత్తికి తెల్ల జిగురు పూయించొద్దు. అది గట్టిపడితే తర్వాత బట్ట మార్చేటప్పుడు చెక్క కూడా ఊడొస్తుంది. గోడకు జానెడు ఎడంగా పెట్టి, చెదలు పట్టాయేమో అడుగు చెక్కను నెలకోసారి తట్టి చూడండి. డొల్లగా మోగితే ఆ రోజే చూపించాలి.