లోగో మైకు కొనే ముందు...

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో డిగ్రీ ఆఖరి సంవత్సరం. జర్నలిజమే చేస్తానంటోంది. పేపర్లు చదివేవాళ్లే తగ్గిపోయారు. ఎంఏ మేలా, డిజిటల్ మీడియా డిప్లొమా మేలా, యూట్యూబ్ ఛానల్ పెట్టించాలా? జీతాలెలా ఉంటాయి? రాత్రి డ్యూటీలంటే సంబంధాలు రావని వాళ్లమ్మ దిగులు.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, పేపరు పోతే పిల్ల బతుకేమిటన్నదే కదా మీ భయం? కాగితం తగ్గినా వార్త రాసేవాళ్ల అవసరం తగ్గలేదు. రాసే తీరే మారింది.

పేపరులో ‘నిన్న రాత్రి’ అని రాస్తే చాలు, మర్నాటికి అది పాత పేపరు. ఫోన్లో వార్త తిరుగుతూనే ఉంటుంది. తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది 2024 ఆగస్టు 10 రాత్రి. ఆ వార్తను ‘నిన్న రాత్రి’ అని రాసి ఉంటే, మరో వానాకాలంలో ఎవరో ఫార్వర్డ్ చేస్తే చాలు, మంత్రాలయం నుంచి కర్నూలు దాకా హడలిపోతారు. అందుకని తేదీ, సమయం, ఊరు వార్తలోనే ఉండాలి. హెడ్డింగు ఇంకా కష్టం. పేపరులో పక్కన ఫొటో, కింద వార్త ఉంటాయి. నోటిఫికేషన్‌లో చాలామంది చూసేది ఆ ఒక్క లైనే. అక్కడ ‘గేటు పోయింది’ అనాల్సింది ‘డ్యాం తెగింది’ అంటే ఊళ్లు ఖాళీ అవుతాయి. పేపరులో అలాంటి మాటను డెస్క్‌లో సబ్ ఎడిటర్ పట్టుకునేవాడు. ఇప్పుడు చాలాచోట్ల రాసినవాళ్లే దిద్దుకుని, వాళ్లే పోస్టు చేస్తున్నారు.

ఛానల్ మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. షార్ట్స్ లెక్క వేరు గానీ, మామూలు వీడియోలకు యాడ్ల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. అందాకా ఖర్చులెవరు పెడతారు? ఏదో ఒక నాయకుడు పెడతాడు. ఆ తర్వాత ఆయన మీద వార్త రాయగలదా మీ అమ్మాయి? థంబ్‌నెయిల్ మీద ‘షాకింగ్’ అని పెట్టడం నేర్చుకోవడానికి డిప్లొమా కూడా దండగే.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. జీతం అడిగారు, సంబంధాల గురించి రాశారు. పిల్ల ఇంతవరకు ఏం రాసిందో ఒక్క ముక్క లేదు. మీరసలు చదివారా?

ఎంఏ అయితే కడప యోగి వేమన యూనివర్సిటీలో ఉంది. డిప్లొమా అయితే వారానికెన్ని వార్తలు రాయిస్తారో, ఎవరు దిద్దుతారో అడిగాకే ఫీజు కట్టండి. తెలుగు శుభ్రంగా రాయడం వస్తే స్క్రిప్టులు, అనువాదం, ఫ్యాక్ట్ చెకింగ్ ఇలా ఏదో ఒక పని దొరుకుతుంది. ఇవేవీ కుదరకపోతే తర్వాత బీఈడీ చేసి టీచరు కావచ్చు, అదెక్కడికీ పోదు. దిగులు పడొద్దని వాళ్లమ్మకూ చెప్పండి.

ఈ వారం పిల్లను పత్తికొండ టమాటా మార్కెట్టుకు పంపండి. ఆ రోజు ధర మీద పేపరుకొక వార్త, ఫోనుకు ఒక్క లైను, నిమిషం వీడియోకు స్క్రిప్టు రాయమనండి. తోడు కావాలంటే మీరూ వెళ్లండి. రైతులతో మాట్లాడేది మాత్రం అమ్మాయే.