చామంతి పసుపు వెలగాలంటే

చిరంజీవి మేనకోడలికి, కడప నుంచి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన గండికోట చిత్రాన్నీ, చామంతి తోట చిత్రాన్నీ మూడు రోజులు గోడకు ఆనించి చూశాను. చేతిలో జంకు లేదు, అది సంతోషం. అయితే రెండింటిలోనూ రంగులన్నీ సంతలో కేకల్లా ఒక్కసారే మీద పడుతున్నాయి.

పసుపు వెలగాలంటే దాని పక్కన వెలగనిది ఒకటి ఉండాలి. చామంతి మడిలో ఎక్కువ భాగం ఆకులూ, వాటి కింది నీడా, తడిమన్నూ కదా; అక్కడ ట్యూబులోని పచ్చరంగును ఉన్నదున్నట్టు పూయకుండా, అల్ట్రామెరీన్ నీలంలో ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు కలిపి, చిటికెడు బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగుతో మసకబార్చిన పచ్చను ముందుగా పరుచు. ఆ తరువాత చిక్కని పసుపును పాలెట్ కత్తితో పది పన్నెండు చోట్ల మాత్రమే పెట్టు. రేకలు లెక్కపెట్టవద్దు, పువ్వు ఎటు తిరిగి ఉందో, ఎంత వంగిందో ఆ ఒక్క విసురులోనే తెలియాలి. నీడలకు నలుపు అసలే వద్దు, ఊదా కలిసిన నీలం వాడు. హిందూపురం బస్సెక్కి లేపాక్షికి వెళ్ళి గుడి పైకప్పు మీది చిత్రాలు చూడు: 16వ శతాబ్దపు ఆ చిత్రకారులు కావి, పసుపు, నలుపు, సున్నపు తెలుపు వంటి కొద్ది రంగులతోనే అంత పని చేశారు.

గండికోటకు జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే కనుక, తెల్లవారకముందే లోయ అంచుకు చేరుకో. పెన్నా గట్టురాళ్ళు ఎర్రనివని ముందే అనుకొని పోతాం. తీరా చూస్తే లేత ఎండలో నారింజ రంగుకు తిరిగిన రాయి, ఎండ ముదిరేసరికి పాలిపోయిన ఇటుకలా అవుతుంది. ఆ మార్పును పోస్టుకార్డంత కాగితాల మీద పావుగంటకొకటి చొప్పున పట్టుకో. ఇంటికి వచ్చాక వాటిలో ఒక్కదానినే పెద్ద కాన్వాసుకు ఎంచుకోవాలి, అన్నీ కలిపితే అది ఏ వేళా కాదు. ఫోన్లో తీసిన ఫోటోను నమ్మవద్దు, అది నీడలను నల్లగా ముద్ద చేస్తుంది.

మన ఎండలకు ఆక్రిలిక్ రంగు పాలెట్ మీదే గట్టిపడుతుంది కాబట్టి కింద తడిగుడ్డ పరిచి, కొంచెం కొంచెంగా రంగు తీసుకో. ఇంట్లో ఉంది కదా అని కడప బండ మీద రంగులు కలపకు, ఆ నల్లరాయి మీద ప్రతి రంగూ ఉన్నదానికన్నా మెరిసి కనిపిస్తుంది. నేను చాలాకాలం అలాగే మోసపోయాను.

ట్యూబు మీద వెలుగుకు ఎంత నిలుస్తుందో తెలిపే గుర్తు చూసి కొను. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889లో వేసి, ఇప్పుడు ఆమ్‌స్టర్‌డాంలో ఉన్న పొద్దుతిరుగుడు పూల చిత్రంలో క్రోమ్ పసుపు కొంత వెలుగు తగిలితే గోధుమ వర్ణానికి తిరిగే రకమని పరీక్షల్లో తేలింది. నా చవక గులాబీ రంగయితే కిటికీ పక్కన రెండేళ్ళు కూడా ఆగలేదు, దానితో వేసిన గన్నేరు చెట్టు ఇప్పుడు బూడిద పూలు పూస్తోంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పెద్ద కాన్వాసు మోసుకురావద్దు, ఆ చిన్న కాగితాలన్నీ తీసుకురా.

ఇట్లు,
మీ మామయ్య