ఇంటి పన్ను: కొనేముందే చూసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: విజయనగరంలో పైఅంతస్తు ఉన్న పాత ఇల్లు కొనబోతున్నాం. అమ్మేవారి రశీదులో ఏడాది పన్ను రూ. 2,000 మాత్రమే ఉంది. మా పేరుకు మారాక పెరుగుతుందా? తగ్గించుకునే దారి ఉందా?

జవాబు: పెరుగుతుందనే అనుకోండి. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక, స్థలానికీ కట్టడానికీ రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చిన విలువ మీద వేస్తున్నారు. మీరు ఎంతకు కొన్నారన్నది లెక్కలోకి రాదు. నివాసమైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, దుకాణాలకైతే 0.20 నుంచి 2 శాతం. 30 లక్షల విలువకు 0.10 శాతమంటే రూ. 3,000. అయితే పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదు. అందుకే మీ ఇంటి లెక్క ఇదే అయితే, మీ 2,000 ముందు 2,300, తర్వాత 2,645, ఆపైన 3,000 దగ్గర ఆగుతుంది.

అసలు ప్రమాదం పైఅంతస్తులో ఉంది. అసెస్‌మెంటులో, అంటే పన్ను కోసం మున్సిపాలిటీ రాసుకున్న లెక్కలో, కింది వాటా ఒక్కటే ఉంటే, పైది బయటపడిన రోజున దానికి కొత్తగా పన్ను పడుతుంది. దానికి పాత పన్నంటూ లేదు కనుక 15 శాతం రక్షణ వర్తించదు. ప్లాన్ లేకుండా కట్టిన అంతస్తయితే పన్నుకు సమానంగా జరిమానా కూడా ఏటా కట్టాలి. బకాయిలూ ఆస్తినే అంటిపెట్టుకుని వస్తాయి. అడ్వాన్సు ఇవ్వకముందే అసెస్‌మెంటు నంబరు తీసుకుని, మున్సిపల్ పరిపాలన శాఖ (సీడీఎంఏ) వెబ్‌సైట్లో బకాయి చూడండి. ప్లాన్‌నూ, కొలతలనూ ఇంటితో పోల్చండి.

తగ్గేది బేరంతో కాదు, రికార్డు సరిచేయిస్తేనే. విస్తీర్ణం ఎక్కువ రాసినా, రేకుల కప్పును శ్లాబుగా చూపినా, ఎప్పుడో మూసేసిన కొట్టును ఇంకా దుకాణంగానే ఉంచినా, ఇంటి వయసు తక్కువ వేసినా కొలతలు, ఫొటోలు జతచేసి మున్సిపల్ కమిషనరుకు అర్జీ పెట్టండి. పన్ను నోటీసులో ఇచ్చిన గడువు మాత్రం దాటనివ్వకండి. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ ఉంది.

ప్రశ్న: శ్రీకాకుళంలో మేం కొనే ఇల్లు 360 చదరపు అడుగులు. దీనికీ ఇదే లెక్కా?

జవాబు: కాదు. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో యజమానే కాపురముంటే ఏడాదికి రూ. 50 చాలు. పక్కన ఒక గది పెంచి ఆ హద్దు దాటారో, విలువ లెక్కలోకి వచ్చేస్తారు.