అమ్మ కంట్లో చుక్కలు ఎవరు వేస్తున్నారు?

ప్రశ్న: మాది కాజీపేట. పదేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. అమ్మ పరకాల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. మొన్న ఎవరితోనో మేడారం బంగారం, అదే సమ్మక్క-సారలమ్మలకు అర్పించిన బెల్లం, తెప్పించి నాకూ పంపింది. ఆ బెల్లం తింటే పాపమా? పారేస్తే అమ్మ నొచ్చుకుంటుందని టెన్షన్. అసలే మూడు వారాల క్రితం ఆమె కంటి శుక్లం ఆపరేషన్ శుక్రవారం పడింది. ఉపవాస ప్రార్థన ఉండటంతో వెళ్లలేదు. పక్కింటావిడ తోడు పోయింది. అప్పటి నుంచి అమ్మ ముభావంగా ఉంటోంది.

జవాబు: చెల్లెమ్మా, బెల్లం సంగతి చిన్నది. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆరా తీయకుండా తినమని, ఇది అర్పించినదని చెబితే మాత్రం తినొద్దని పౌలు బైబిల్లోని మొదటి కొరింథీ పత్రిక పదో అధ్యాయంలో రాశాడు. తినకండి. పారేయకండి కూడా, తినేవాళ్లకు ఇచ్చేయండి. పదేళ్లుగా మీ సంగతి తెలిసిన తల్లి అంతమాత్రానికి నొచ్చుకోదు.

ఆమె నొచ్చుకున్నది ఆ శుక్రవారానికి.

శుక్లం తీశాక వారాల తరబడి కంట్లో చుక్కలు వేయాలి. కంట్లో నీళ్లు పడొద్దంటారు, పొయ్యి పొగ తగలొద్దంటారు, వంగి బరువులెత్తొద్దంటారు. ఒంటరి ముసలామె ఇవన్నీ ఎట్లా చూసుకుంటుంది? చుక్క కంట్లో పడిందో చెంప మీద పడిందో ఎవరు చూస్తున్నారు? మీ ఉత్తరమంతా వెతికాను, ఆ మాటే లేదు.

యెషయా 58వ అధ్యాయం మీ సంఘంలో చదివే ఉంటారు. దేవుడు కోరే ఉపవాసం ఏదో చెబుతూ, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడంతో పాటు సొంత రక్తసంబంధికి ముఖం చాటేయకపోవడం కూడా అందులోనే చేర్చాడు. మార్కు 7లో యేసు ఇంకా గట్టిగా మాట్లాడాడు. అమ్మానాన్నలకు చెందాల్సింది 'కొర్బాను', అంటే దేవునికి ఇచ్చేశామని చెప్పి తప్పించుకునేవాళ్లు ఆచారం కోసం దేవుని ఆజ్ఞనే కొట్టేస్తున్నారన్నాడు. మీరు దేవునికి ఇచ్చామనుకున్న ఆ పగలు మీ అమ్మది. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

నేనూ ఉపవాస ప్రార్థనలో కూర్చునే మనిషినే, దాన్ని తక్కువ చేయను. "మా అమ్మకు ఆపరేషన్, ప్రార్థన చేయండి" అని చెప్పి వెళ్తే కాదనేదెవరు? ఎవరైనా అన్నా పడాలి. మంచి సమరయుడి కథలో దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి కూడా యాజకుడూ లేవీయుడూ పక్క నుంచి వెళ్లిపోయారు, పరాయివాడైన సమరయుడే ఆగాడు. మీ ఇంటి కథలో ఆగిన మనిషి ఆ పక్కింటావిడ.

ఫోన్ చేస్తే "నీకెందుకు తిప్పలు బిడ్డా" అంటుంది. చెప్పకుండానే వెళ్లండి. హన్మకొండలో బస్సెక్కితే ఎంతసేపు? వచనాలు, వివరణలు ఏమీ వద్దు. "ఆ రోజు రావాల్సింది అమ్మా, రాలేదు" అనండి. డాక్టరు చీటీ తీసి ఏ చుక్క ఏ పూట వేయాలో చూడండి. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో కనుక్కోండి. అది శుక్రవారమైనా, ఆదివారమైనా ఆసుపత్రికి తోడు మీరే. పోయేటప్పుడు పక్కింటావిడకు కూడా పండ్లో ఏవో పట్టుకెళ్లండి.