తుఫాను వద్దు, డ్రమ్మర్ చేతులు కావాలి

చిరంజీవి అమ్మలూకి,

నువ్వు పంపిన రివ్యూ రెండుసార్లు చదివాను. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిపూట లండన్‌లో డాల్‌స్టన్‌లో కెఫే ఓటో అనే కచేరీ చోటికి వెళ్లి, సాక్సోఫోన్, డ్రమ్స్ జోడీని చివరిదాకా విని, ఇంటికొచ్చి వెంటనే రాయడం చిన్న విషయం కాదు. మన ఇంట్లో ఈ ఫ్రీ జాజ్ గురించి, చాలావరకు అప్పటికప్పుడు కల్పించి వాయించే ఈ సంగీతం గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికిందని నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఇక అసలు సంగతి. ఆ నాలుగు పేరాల్లో తుఫాను ఉంది, అగ్నిపర్వతం ఉంది, "గందరగోళంలో ఒక క్రమం" కూడా ఉంది. డ్రమ్మర్ చేతిలో ఉన్నవి కర్రలా, బ్రష్షులా అన్నది మాత్రం లేదు. సాక్సోఫోన్ టెనరో (కింది స్వరాలది) సోప్రానోనో (పైస్వరాలది) చెప్పలేదు. తుఫాను అన్న మాట ఏ ఫ్రీ జాజ్ కచేరీకైనా అతుకుతుంది, కాబట్టి నువ్వు విన్న కచేరీ గురించి అది ఏమీ చెప్పదు. ముందు ఏం జరిగిందో రాయి. నీకేమనిపించిందో ఆ తర్వాత రాయొచ్చు.

చిన్నప్పటి నుంచీ కర్ణాటక కచేరీలు విన్న చెవి నీది. అది చాలావరకు సాయమే. ఆలాపనలో గాయకుడు ఒక స్వరం దగ్గర ఆగి, దాని చుట్టూ తిరిగి, పైకి వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడం నువ్వు గమనించగలవు. తాళం దగ్గరే చిక్కు. తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఎంత దూరం పోయినా ఎక్కడ వచ్చి కలుస్తాయో సభలో చాలామందికి తెలుసు, చేతులతో తాళం వేస్తూనే ఉంటారు. ఫ్రీ ఇంప్రొవైజేషన్‌లో, అంటే ముందే ఏమీ అనుకోకుండా వాయించేటప్పుడు, చాలాసార్లు అలా ముందే ఒప్పుకున్న సమం (అందరూ వచ్చి కలిసే తాళం మొదలు) ఉండదు. దాని కోసం వెతుక్కుంటూ కూర్చుంటే మిగతాదంతా చెవిన పడకుండా పోతుంది. ఎవరు మొదలుపెట్టారు, ఎవరు అందుకున్నారు, ఎవరు వినీ విననట్టు తమ దారిన తాము పోయారు, ఎవరు ఆపేశారు, ఇవి పట్టుకో. నన్నడిగితే ఆపేసేవాళ్లని జాగ్రత్తగా చూడాలి. బాగా సాగుతున్నప్పుడు చెయ్యి తీసేసి పక్కవాళ్లకి చోటివ్వడానికి చాలా ధైర్యం కావాలి.

ఇంట్లో సాధనకి అమెరికన్ సాక్సోఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ 'ఫ్రీ జాజ్' రికార్డు పెట్టుకో. 1960 డిసెంబర్ 21న న్యూయార్క్‌లో రికార్డు చేశారు, దాదాపు 37 నిమిషాలు. రెండు క్వార్టెట్లు, అంటే నలుగురేసి ఉన్న రెండు బృందాలు, ఒకేసారి వాయిస్తాయి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఎడమ చెవిలో కోల్మన్, ట్రంపెట్ మీద డాన్ చెర్రీ, బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం) మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద బిల్లీ హిగిన్స్. కుడి చెవిలో బాస్ క్లారినెట్‌తో ఎరిక్ డాల్ఫీ, ఆయన పక్కన ట్రంపెట్ మీద ఫ్రెడ్డీ హబ్బర్డ్, బాస్ మీద చార్లీ హేడెన్, డ్రమ్స్ మీద ఎడ్ బ్లాక్‌వెల్. మొదటిసారి ఊరికే విను. రెండోసారి బ్లాక్‌వెల్‌ని తప్ప ఎవర్నీ పట్టించుకోకు. మూడోసారి రెండు బాసులు మాత్రమే, ఒకరు పైస్వరాల్లోకి వెళ్తే రెండోవారు ఎక్కడున్నారో చూడు. చివర్లో ఇద్దరు డ్రమ్మర్లూ ఒకరి తర్వాత ఒకరు తమ వంతు తీసుకుంటారు. అక్కడికి వచ్చేసరికి ఎవరెవరో చెవికే తెలిసిపోవాలి. మధ్యమధ్య అందరూ గుంపుగా అందుకునే ముక్కలు ముందే అనుకున్నవి. పేరులో 'ఫ్రీ' ఉందని అంతా అప్పటికప్పుడు పుట్టిందని రాసేయకు.

హాల్లో ఫోన్ బయటికి తీయకు, ఆ వెలుగు పక్కవాళ్లకి చిరాకు. చిన్న నోట్‌బుక్, పెన్సిల్ చాలు. వాక్యాలొద్దు. "బాస్ ఒక్కటే", "సింబల్ పళ్లెం అంచు మీద వయొలిన్ బో", "సాక్స్ ఊపిరి చప్పుడు, స్వరం లేదు", ఇలా నాలుగు ముక్కలు రాసుకుంటే మర్నాడు పొద్దున అన్నీ గుర్తొస్తాయి. చేతులు కనిపించే చోట కూర్చో.

వాద్యం ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఇంగ్లండ్ సాక్సోఫోన్ వాద్యకారుడు ఎవాన్ పార్కర్ సోప్రానో మీద ఒంటరిగా వాయించేటప్పుడు శబ్దం ఎక్కడా తెగదు. బుగ్గల్లో గాలి దాచుకుని, దాన్ని బయటికి తోస్తూనే ముక్కుతో పీల్చుకుంటాడు. వేళ్లు ఒక లెక్కలో, నాలుక ఇంకో లెక్కలో కదులుతాయి. పైన ఓవర్‌టోన్లు (అసలు స్వరంతో పాటే పుట్టే సన్నటి పైస్వరాలు) తేలి రెండు మూడు సాక్సోఫోన్లు ఉన్నట్టు వినిపిస్తుంది. దీన్ని "మంత్రముగ్ధుల్ని చేశాడు" అని తేల్చేస్తే చదివేవాళ్లకి దక్కేదేమిటి? కింది వరస మారకుండా ఎంతసేపు నిలిచింది, పైది ఎప్పుడు విడిపోయింది, అది చెప్పు. ఇక్కడ షికాగోలో టెనర్ వాద్యకారుడు ఫ్రెడ్ ఆండర్సన్ గారు నడిపిన జాజ్ క్లబ్బు వెల్వెట్ లౌంజ్‌లో ఆండర్సన్ గారినే దగ్గర నుంచి చూసేవాణ్ణి. నడుం బాగా ముందుకి వంచి, టెనర్ మూతి నేలకేసి పెట్టి వాయించేవారు. 2010లో పోయారు. ఆయన కింది స్వరాల బరువు గురించి రాయాలనుకున్నప్పుడల్లా నాకు ముందు ఆ వంగిన నడుమే గుర్తొస్తుంది.

అందర్నీ ఒకే గాటన కట్టకు. 1965లో ఇక్కడి నల్లజాతి సంగీతకారులు ఏఏసీఎం అనే సంఘం పెట్టుకున్నది సొంత రచనలు వాయించుకోవడానికి, కచేరీలు తామే నడుపుకోవడానికి. 1968లో జర్మనీలో పీటర్ బ్రోట్స్‌మన్ ఎనిమిది మందితో చేసిన 'మెషీన్ గన్' రికార్డులోని కోపం వేరు. 1970లో లండన్‌లో ఇన్కస్ అనే రికార్డుల సంస్థ పెట్టినవాళ్లలో ఒకడైన డెరెక్ బెయిలీ గిటార్‌తో చేసింది మళ్లీ పూర్తిగా వేరు. ఎవరు ఏ దారిలో వచ్చారో తెలియకుండా రాస్తే వాళ్లకి అన్యాయం చేసినట్టే.

నచ్చకపోతే నచ్చలేదని రాయి, ఫరవాలేదు. నలుగురూ గొప్పవాళ్లే అయినా ఒకరినొకరు వినకుండా గంటసేపు వాయించిన రాత్రులు నేనూ చూశాను. కాకపోతే ఎక్కడ తెగిపోయిందో చూపించాలి. "అర్థం కాలేదు" అన్నదాన్ని "బాగాలేదు" అని రాయడం మాత్రం తప్పు. ముగింపు గురించి ప్రతిసారీ రాయి. అయిపోయిందని ముందు ఎవరికి తెలిసింది, ఎవరు ఇంకాస్త లాగారు, రెండోవారు ఒప్పుకున్నారా లేదా. రాత్రంతా ఎవరు ఎంత విన్నారో అక్కడ బయటపడుతుంది.

కచేరీ అయ్యాక వాళ్లతో మాట్లాడు, టెన్షన్ పడకు. ఏది ముందే అనుకున్నారు, ఏది కాదు అని నేరుగా అడగొచ్చు, చాలామంది ఇష్టంగా చెప్తారు. తలుపు దగ్గర టేబుల్ మీద వాళ్ల సీడీలుంటే ఒకటి కొను. చాలామందికి ఆ డబ్బు తిరుగు ప్రయాణం ఖర్చుకి పనికొస్తుంది.

ఆశీస్సులతో,
మావయ్య