వేళ్లు బిగుసుకుపోతున్నాయని బ్యాంకు కోచింగ్ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తిచేసి, గాజువాక నుంచి ద్వారకానగర్ వెళ్లి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. ఈమధ్యే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని తేలింది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు, పెన్ను నిలవదు. చదువు ఆపించి పెళ్లి చేసేయమంటున్నారు బంధువులు. ఏం చేయాలి?
- ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: మాన్పించకండమ్మా. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది. పొద్దుటి బిగుతు గంటకు పైగా కూడా ఉండొచ్చు. దాన్ని బద్ధకమని ఎవరన్నా ఒప్పుకోకండి. ఉదయం బ్యాచ్ అయితే మధ్యాహ్నానికి మార్పించండి. బస్సులో కడ్డీ పట్టుకుని అంత దూరం నిలబడితే మణికట్లకు కష్టం. నొప్పి ఎక్కువున్న రోజు ఆన్‌లైన్ క్లాసు విననివ్వండి. ఈ జబ్బుకు సాధారణంగా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునే మందు. మర్నాడు కొందరికి వికారం, నీరసం ఉంటాయి. ఆ మర్నాడు ఆదివారం అయ్యేలా వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి.

పెన్ను గురించి అంత బెంగ వద్దు. క్లర్కు పరీక్ష ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ కంప్యూటర్ మీదే, మౌస్ నొక్కితే చాలు. చేతికి శ్రమ రఫ్ వర్కులోనే. అందుకే నోటిలెక్కలు ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి, లావుపాటి పెన్ను వాడాలి. పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) మెయిన్స్‌లో వ్యాసంలాంటివి టైపు చేయాలి, ఉద్యోగంలో దేశమంతా బదిలీలుంటాయి. క్లర్కు పోస్టింగు దరఖాస్తు చేసుకున్న రాష్ట్రంలోనే. చూసే డాక్టరు అందుబాటులో ఉండటం ముఖ్యం కాబట్టి నేనైతే ముందు క్లర్కే రాయమంటాను. తనకు పీవోనే కావాలంటే అడ్డుపడకండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో ఈ జబ్బు పేరు విడిగా లేదు. కీళ్లు దెబ్బతిని కదలిక తగ్గితే చలన వైకల్యం కింద చూస్తారు. వైకల్యం ఎంతో తేల్చే సదరం వైద్య పరీక్షలో కనీసం 40 శాతం తేలితే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కు అర్హత వస్తుంది. అంతకన్నా తక్కువైనా, వైకల్యం వల్ల రాయలేనివారికి స్క్రైబ్ (వాళ్ల బదులు రాసిపెట్టే మనిషి), గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇచ్చే మార్గదర్శకాలు 2022లో వచ్చాయి. నోటిఫికేషన్‌లోని నమూనాలోనే సర్టిఫికెట్ తీసుకోండి. శాతం కోసమని మాత్రం మందు ఆపకండి. మొదట్లోనే సరిగ్గా వాడితే కీళ్లు దక్కుతాయి, అది ఏ రిజర్వేషన్ కన్నా పెద్ద లాభం.

పెళ్లంటారా, అది తను సరేనన్నప్పుడు. సంబంధం వాళ్ల దగ్గర జబ్బు సంగతి దాచొద్దు. మెథోట్రెక్సేట్ వాడుతుండగా గర్భం రాకూడదు. పిల్లల ఆలోచన వచ్చినప్పుడు ముందుగానే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి. ఈ మాట మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి.