ఒసాకాలో నాలుగు రాత్రులు పొదుపుగా, రెండు రాత్రులు దర్జాగా

ప్రశ్న: నేను కాకినాడ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మావారు ప్రైవేటు కంపెనీలో చేస్తున్నారు. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.35 లక్షలు చేతికొస్తాయి. 2027 మే 20కి మా పెళ్లయి పాతికేళ్లు నిండుతాయి. ఆ సందర్భంగా జపాన్ వెళ్లి, ఒసాకాలో ఆరు రాత్రులు ఉండి రావాలనుకుంటున్నాం. జీవితంలో ఒక్కసారైనా పెద్ద హోటల్లో ఉండాలని నా కోరిక. పడుకోవడానికే కదా, ఎక్కడైతే ఏంటంటారు మావారు. ట్రావెల్ ఏజెంటు ఆరు రాత్రులూ ఫైవ్‌స్టార్ హోటల్‌తో ఇద్దరికీ 6.4 లక్షల ప్యాకేజీ చెప్పాడు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ కూడా తనే ఇప్పిస్తానంటున్నాడు. మాకు 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అమ్మాయి పైచదువు కోసం నెలకు 25 వేలు సిప్ కడుతున్నాం. అది పోగా, ఇంటి ఖర్చులన్నీ అయ్యాక 20 వేలకు పైనే మిగులుతుంది. డిసెంబరులో 1.5 లక్షల చీటీ డబ్బు వస్తుంది. ఎఫ్‌డీ తీసేయమంటారా, లోన్ తీసుకోమంటారా, అసలీ కోరికే మానుకోమంటారా?

జవాబు: టీచర్‌గారూ, కోరిక మానుకోనక్కర్లేదు. లోన్ వద్దు, ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు, అమ్మాయి సిప్ ఒక్క నెల కూడా ఆపొద్దు. ఈ మూడూ ముట్టుకోకుండానే మీరు ఒసాకాలో పెద్ద హోటల్లో ఉండి రావచ్చు. కాకపోతే ఆరు రాత్రులు కాదు, రెండు రాత్రులు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

ముందు లోన్ సంగతి. 6.4 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్లంటే నెలకు దాదాపు 21,900 ఈఎంఐ పడుతుంది. మొత్తం తీరేసరికి వడ్డీ ఒక్కటే 1.47 లక్షలవుతుంది. ఒసాకాలో మంచి హోటల్లో ఆరు రాత్రుల బిల్లు దాదాపు అంతే ఉంటుంది. పైగా ఆ ఈఎంఐ మీ నెలవారీ మిగులును పూర్తిగా మింగేస్తుంది. అమ్మాయి పీజీలో చేరే సమయానికి మీ చేతిలో వెసులుబాటు ఉండదు. ఆరు రోజుల ప్రయాణానికి మూడేళ్ల వాయిదాలు మోయమని నేను ఎవరికీ చెప్పను.

మీవారు అన్నదాంట్లో నిజముంది, మీ కోరికలోనూ న్యాయముంది. ఒసాకా వెళ్లినవాళ్లు పగలు హోటల్లో ఉండరు. ఒకరోజు క్యోటో, ఒకరోజు నారా, ఒకరోజు ఒసాకా కోట, సాయంత్రాలు దోతోంబోరి కాలువ ఒడ్డున తిరగడం. పొద్దున ఏడున్నరకు బయల్దేరి రాత్రి తొమ్మిదికి కాళ్లు పీకుతూ గదికి చేరుకుంటారు. అలాంటి రోజు రాత్రికి 45,000 యెన్‌ల గది తీసుకుంటే మీరు వాడుకునేది మంచం, షవర్ మాత్రమే. కానీ పెళ్లిరోజు వేరు. ఆరోజు ఊరు తిరగకుండా మధ్యాహ్నం మూడింటికి చెక్ఇన్ అయి, సాయంత్రమంతా గదిలోనే గడిపి, మర్నాడు తీరిగ్గా లేస్తే ఆ డబ్బుకు పూర్తి విలువ దక్కుతుంది. గదిలో మెలకువగా ఎన్ని గంటలు ఉంటారో చూసుకుని హోటల్ స్థాయి ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. లెక్క సులువుగా ఉండటానికి 100 యెన్‌లు అంటే 60 రూపాయలు అనుకుందాం. ఇది కావాలనే కాస్త ఎక్కువ పట్టాను. మామూలు రోజుల్లో ఇద్దరికి సరిపోయే పేరున్న హోటల్ గది రాత్రికి 45,000 యెన్‌లు, స్టేషన్‌కు దగ్గరగా శుభ్రంగా ఉండే బిజినెస్ హోటల్ గది 15,000 యెన్‌లు అనుకోండి. దీనికి ఒసాకా వసూలు చేసే బస పన్ను కలపాలి. ఇది మనిషికి, రాత్రికి ఇంత అని ఉంటుంది. 2025 సెప్టెంబరులో సవరించిన రేట్ల ప్రకారం ఒక మనిషి వంతు అద్దె 5,000 నుంచి 15,000 యెన్‌లలోపు అయితే 200, 20,000 యెన్‌లు దాటితే 500, ఆ మధ్యలో 400 యెన్‌లు. చాలా బుకింగ్ సైట్లలో కనిపించే ధరలో ఇది ఉండదు, హోటల్ కౌంటర్లో విడిగా కట్టాలి.

ఆరు రాత్రులూ పెద్ద హోటలైతే పన్నుతో కలిపి 2,76,000 యెన్‌లు, అంటే 1,65,600 రూపాయలు. నాలుగు రాత్రులు బిజినెస్ హోటల్, రెండు రాత్రులు పెద్ద హోటలైతే 1,53,600 యెన్‌లు, మన డబ్బుల్లో 92,160 రూపాయలు. తేడా 73 వేల పైమాట. అమ్మాయికి దాదాపు మూడు నెలల సిప్ అది.

ఏ హోటల్ అనేది మీ ఇష్టం. ఒక్క మాట చెప్తాను. ఒసాకాలో ఈమధ్య వచ్చిన విదేశీ బ్రాండ్లు, అంటే 2024లో తెరిచిన ఫోర్ సీజన్స్, 2025లో వచ్చిన వాల్డార్ఫ్ ఆస్టోరియా లాంటివి మన బడ్జెట్‌కు అందవు. ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నవాటిని చూడండి. నంబా స్టేషన్ మీదే ఉన్న స్విస్సోటెల్ నంకాయ్, నది ఒడ్డున ఉన్న ఇంపీరియల్, కోట ఎదురుగా ఉన్న న్యూ ఒటాని, నగరం దక్షిణ భాగాన ఉన్న తెన్నోజీలో అబెనో హారుకాస్ భవనంలోని మారియట్ మియాకో లాంటివన్నమాట. వీటిలో మీకు సరిపోయేది చివరిదని నాకనిపిస్తోంది. 300 మీటర్ల ఎత్తున్న ఆ భవనంలో హోటల్ గదులు 38వ అంతస్తు నుంచి మొదలవుతాయి. కిటికీ తెర తీస్తే ఊరంతా కింద పరుచుకుని ఉంటుంది. డబ్బు పెట్టినందుకు గదిలోనే కూర్చుని చూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా, ఇక్కడ అది ఉంది. ఇంకో సౌకర్యం, కాన్సాయ్ విమానాశ్రయానికి వెళ్లే హారుకా ఎక్స్‌ప్రెస్ తెన్నోజీలో ఆగుతుంది. చివరి రెండు రాత్రులు ఇక్కడ పెట్టుకుంటే తిరుగు ప్రయాణం రోజు పెట్టెలతో రైళ్లు మారే టెన్షన్ ఉండదు.

మొదటి నాలుగు రాత్రులకు నంబా ప్రాంతం మంచిది. అక్కడి నుంచి కింతెత్సు అనే ప్రైవేటు సంస్థ రైల్లో నారాకు 40 నిమిషాలు, టికెట్ 680 యెన్‌లు. క్యోటోకు ఒసాకా స్టేషన్ నుంచి జేఆర్ (జపాన్ రైల్వే) ఫాస్ట్ రైలు అరగంట, 580 యెన్‌లు. ఈ రెండు ఊళ్లకూ పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయండి, అక్కడ బస పెట్టుకోవద్దు. క్యోటోలో 2026 మార్చి నుంచి బస పన్ను బాగా పెంచారు. మనిషి వంతు 20,000 నుంచి 50,000 యెన్‌లలోపు ఉన్న గదికి అక్కడ రాత్రికి తలకు 1,000 యెన్‌లు కట్టాలి, ఒసాకాకు రెట్టింపు. నాలుగో రోజు తర్వాత నంబా నుంచి తెన్నోజీకి మిదోసుజి మెట్రోలో మూడో స్టేషనే. పెట్టెలు పొద్దున్నే తీసుకెళ్లి కొత్త హోటల్లో అప్పగించేస్తే చెక్ఇన్ టైమ్ వరకు వాళ్లే భద్రంగా ఉంచుతారు.

బిజినెస్ హోటల్ బుక్ చేసేటప్పుడు ఒకటి గమనించండి. చౌకగా కనిపించేది తరచూ సెమీ డబుల్ గది. అందులో మంచం వెడల్పు 120 సెంటీమీటర్లు, మహా అయితే 140 ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్లకు నిద్ర పట్టదు. గది కూడా 12, 13 చదరపు మీటర్లే కాబట్టి రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి నేల మీద చోటుండదు. రెండు విడి మంచాలుండే ట్విన్ గది తీసుకోండి, వెయ్యి రెండు వేల యెన్‌లు ఎక్కువైనా పర్వాలేదు. ఇంకో సంగతి, జపాన్‌లో చాలా హోటళ్లు మనుషుల లెక్కన ధర చెప్తాయి. వెతికేటప్పుడు ఇద్దరని పెట్టకపోతే ఒకరి ధర చూసి చవక అని మోసపోతారు.

తేదీల విషయంలో మీ వృత్తి మీకు కలిసొచ్చింది. జపాన్‌లో ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా గోల్డెన్ వీక్ సెలవులు, అప్పుడు గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. జూన్ మొదటి వారం దాటితే సాధారణంగా వానలు మొదలవుతాయి. ఆ రెండింటికీ మధ్య మన బడి సెలవులున్నాయి, మీ పెళ్లిరోజు కూడా అక్కడే పడింది. 2027లో మే 20 గురువారం. 19, 20 రాత్రులు పెద్ద హోటల్లో ఉండి, 21 శుక్రవారం బయల్దేరిపోండి. శుక్ర, శనివారాల్లో హోటల్ ధరలు పెరుగుతాయి, వాటిని తప్పించుకున్నట్టే. మీ బస 15 శనివారం మొదలవుతుంది కాబట్టి ఆ ఒక్క రాత్రి బిజినెస్ హోటల్లోనూ ధర ఎక్కువుంటుంది. నేను వేసిన 15,000 సగటులో అది కలిపే ఉంది.

టిఫిన్ లేకుండా గది మాత్రమే బుక్ చేసుకోండి. పెద్ద హోటళ్లలో బఫే టిఫిన్‌కు మనిషికి 4,000 యెన్‌లు దాటుతుంది, అంటే ఇద్దరికీ పూటకు దాదాపు 5 వేల రూపాయలు. 21 ఉదయం ఒక్కపూట తినండి, ఆ ముచ్చట తీరాల్సిందే. మిగతా పూటలకు అదే అబెనో హారుకాస్ భవనం కింద కింతెత్సు డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉంది. దాని బేస్‌మెంట్‌లో అన్నం పెట్టెలు, పళ్లు, కేకులు దొరుకుతాయి. షాపు మూసే వేళకు వాటి మీద తగ్గింపు స్టిక్కర్లు అంటిస్తారు, ఒక్కోసారి సగం ధరకే వస్తాయి. పైకి గదికి తెచ్చుకుని కిటికీ పక్కన కూర్చుని తినొచ్చు. శాకాహారులైతే మాత్రం జాగ్రత్త, కూరగాయల వంటకంలా కనిపించినా చేపల రసం కలుస్తుంది. టిప్పులు ఇవ్వాల్సిన పని ఎక్కడా లేదు.

మొత్తం బడ్జెట్ ఇలా వేశాను. విమాన టికెట్లు ఇద్దరికీ 1.2 లక్షలు, హోటళ్లు 92 వేలు, తిండి 36 వేలు, రైళ్లూ ప్రవేశ టికెట్లూ 24 వేలు, వీసా, ఇన్సూరెన్స్, సిమ్ కలిపి 10 వేలు, షాపింగ్ 30 వేలు. 3.12 లక్షలు. దీని మీద పది శాతం అదనంగా ఉంచుకుంటే దాదాపు 3.43 లక్షలు.

ఆ పది శాతం ఊరికే పెట్టలేదు. 2024 జులైలో డాలర్‌కు 161 యెన్‌ల దాకా వచ్చింది, 1986 తర్వాత యెన్ అంత బలహీనపడటం అదే. చవగ్గా ఉన్న కరెన్సీ ఎప్పుడైనా పైకి లేవొచ్చు. యెన్ పది శాతం బలపడితే అక్కడ పెట్టే ఖర్చు 18 వేలు పెరుగుతుంది. అందుకే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో కొంచెం కొంచెంగా ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) యెన్‌లు వేసుకోండి. మామూలు క్రెడిట్ కార్డు గీకితే 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ వాడకానికి బ్యాంకు వేసే రుసుము), దాని మీద 18 శాతం జీఎస్‌టీ, వెరసి 4.13 శాతం అదనం. హోటల్ కౌంటర్లో మెషీన్ రూపాయల్లో కడతారా అని అడిగితే వద్దని, యెన్‌లలోనే కట్టండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్లది, నష్టం మీది.

డబ్బు ఎక్కడి నుంచంటారా? చీటీ డబ్బు 1.5 లక్షలు. ఇప్పటి నుంచి పది నెలలు నెలకు 20 వేల చొప్పున ఆర్‌డీ కడితే 2 లక్షలు. మొత్తం 3.5 లక్షలు, వడ్డీ అదనం. డిసెంబరులో చీటీ డబ్బు వచ్చాక, మీ శాఖ అనుమతి చేతికి రాగానే విమాన టికెట్లు తీసుకోండి. హోటళ్లు మాత్రం ఉచిత రద్దు సదుపాయం ఉన్న రేటుకే బుక్ చేయండి, ముందే కట్టే రేటు కాస్త తక్కువగా కనిపించినా సరే. వీసా ఇంకా చేతిలో లేదు, ఈలోగా ధర తగ్గితే రద్దు చేసి మళ్లీ బుక్ చేసుకోవచ్చు. హోటళ్ల సొంత సభ్యత్వం ఉచితమే, చేరితే ధరలో కొంత తగ్గింపు వస్తుంది. ఉచిత రాత్రి కోసం హోటల్ బ్రాండ్ క్రెడిట్ కార్డు తీసుకోమని ఎవరైనా చెప్తే తొందరపడకండి. మన దగ్గర దొరికే మారియట్ కార్డుకు ఏటా 3,000 రూపాయల ఫీజు, పైన జీఎస్‌టీ ఉంది. దానితో వచ్చే ఉచిత రాత్రి, మారియట్ సొంత పాయింట్లలో 15,000 లోపు ధర ఉన్న గదికే వర్తిస్తుంది. మీరు అనుకునే హోటల్‌కు అది సాధారణంగా చాలదు.

అంతా చూసి ప్యాకేజీయే హాయి అనిపిస్తే, ఏజెంటును హోటల్ పేరు, గది రకం, బస పన్ను ఎవరు కడతారు, రద్దు నిబంధనలు కాగితం మీద రాసిమ్మనండి. విదేశీ ప్యాకేజీ మీద 2 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, 6.4 లక్షలకు అది 12,800. ఆ సొమ్ము పోయినట్టు కాదు, రిటర్న్‌లో చూపించి పన్నులో సర్దుకోవచ్చు లేదా వాపసు తీసుకోవచ్చు. బిల్లు ఎవరి పాన్ మీద ఉందో చూసుకోండి.

షాపింగ్ గురించి చిన్న విషయం. 2026 నవంబరు నుంచి జపాన్‌లో విదేశీ పర్యాటకులు దుకాణంలో 10 శాతం పన్ను ముందు కట్టేసి, వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో వస్తువులు చూపించి వాపసు తీసుకోవాలి. రసీదులు దాచండి, కొన్న వస్తువులు అడుగున సర్దేయకండి.

పాస్‌పోర్టుల గడువు ఇప్పుడే చూసుకోండి. మీరు ప్రభుత్వోద్యోగి కాబట్టి విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కావాలి, సెలవులైనా సరే. ఆ దరఖాస్తు జనవరిలోనే పెట్టేయండి. అది చేతికొచ్చేదాకా వాపసు రాని బుకింగ్ ఏదీ చేయొద్దు.